సీఏ ఇంటర్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్: నిధుల సేకరణ నుంచి పెట్టుబడి నిర్ణయం దాకా చదవవలసిన తీరు

చార్టర్డ్ అకౌంటెన్సీ ఇంటర్మీడియట్ రెండవ గ్రూపులోని ఆరవ పేపరులో సగం ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, మిగిలిన సగం స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్. 2024 మే పరీక్షలతో మొదలైన కొత్త విధానంలో ఒక్కొక్క భాగానికి 50 మార్కులు. సగం పేపరే కదా అన్న ధీమాతోనో, కాస్టింగ్, ఆడిటింగ్ బరువు చూసి భయపడో చాలామంది ఈ సబ్జెక్టును ఆఖరి నెలకు నెట్టేస్తారు. ఆ నెల వచ్చాక సూత్రాల చీటీ ఒకటి ముందు పెట్టుకుని, ఏ లెక్కకు ఏ సూత్రం పడుతుందో గుర్తుపట్టడమే చదువనుకుంటారు. ప్రశ్నలో ఒక్క మాట మారితే ఆ చీటీ పనికిరాదు.

కొన్నేళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతూ, నమూనా పరీక్షల జవాబు కాగితాలు దిద్దుతూ వచ్చిన అనుభవంతో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఇందులోని తొమ్మిది అధ్యాయాలు తొమ్మిది వేర్వేరు పాఠాలు కావు. ఒకే కంపెనీ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చింది, ఎక్కడ పెట్టింది, వచ్చిన లాభంలో ఎంత పంచింది అన్న ఒకే కథకు అవి తొమ్మిది భాగాలు. ఆ భాగాలన్నిటినీ కలిపి కుట్టే దారం మూలధన వ్యయం, అంటే కాస్ట్ ఆఫ్ క్యాపిటల్, కంపెనీకి డబ్బు ఇచ్చినవారు ఆశించే ప్రతిఫలం రేటు. ఆ అంకె ఎలా పుడుతుందో, పుట్టాక ఎక్కడెక్కడికి వెళుతుందో తెలిసిన విద్యార్థికి ప్రశ్న ఎటు తిప్పి అడిగినా దారి దొరుకుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ దారం పట్టుకునే సాగుతుంది.

మొదటి అడుగు: పేపరు స్వరూపాన్ని, సామగ్రిని సరిచూసుకోవడం

100 మార్కులలో 30 మార్కులకు ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 70 మార్కులకు రాతపూర్వక జవాబులు ఉంటాయి. ఆబ్జెక్టివ్ ప్రశ్నలలో ఎక్కువ భాగం ఒక చిన్న సన్నివేశం ఇచ్చి దాని మీద వరుసగా అడిగేవి. ఇంటర్మీడియట్ స్థాయిలో తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక దేనినీ ఖాళీగా వదలకూడదు. ఉత్తీర్ణతకు ప్రతి పేపరులో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఒక పేపరులో 60 వస్తే, గ్రూపు పోయినా ఆ పేపరుకు తరువాతి మూడు పరీక్షల వరకు మినహాయింపు దొరుకుతుంది. అందువల్ల ఈ పేపరును గట్టెక్కడానికి కాకుండా 60 దాటడానికే చదవాలని నా సలహా.

పుస్తకాల విషయంలో ఆరాటం అక్కరలేదు. ఈ పరీక్ష పెట్టే ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) స్టడీ మెటీరియల్, ప్రతి పరీక్షకు ముందు వెలువడే రివిజన్ టెస్ట్ పేపర్లు, మాక్ టెస్ట్ పేపర్లు, పరీక్ష తరువాత వచ్చే సజెస్టెడ్ ఆన్సర్లు నాలుగూ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి. ఇవి కాక ఇంకొక్క లెక్కల పుస్తకం చాలు. పాత పేపర్లు తిరగేసేటప్పుడు మాత్రం రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మునుపటి విధానంలో ఈ సబ్జెక్టు ఎకనామిక్స్ ఫర్ ఫైనాన్స్‌తో కలిసి ఉండేది కనుక ఆ భాగాన్ని వదిలేయాలి. కంపెనీలు చెల్లించే డివిడెండ్ డిస్ట్రిబ్యూషన్ ట్యాక్స్ 2020 ఏప్రిల్ నుంచి రద్దయింది కనుక, ప్రిఫరెన్స్ షేర్ల వ్యయంలో ఆ పన్నును కలిపి చేసిన పాత లెక్కలను అలాగే బట్టీ పట్టకూడదు.

ఈ పరీక్షను ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి తప్ప తెలుగులో రాసే వీలు లేదు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు అసలు ఇబ్బంది లెక్కలో కాదు, ప్రశ్న వాక్యంలోనే ఎదురవుతుంది. దానికి నేను చెప్పే ఉపాయం సులువైనది. మొదటి రెండు నెలలు ప్రతి లెక్కకు ముందు, పక్కన రఫ్ పేజీలో ప్రశ్నను మీ మాటల్లో తెలుగులో రెండు వాక్యాలుగా రాసుకోండి: ఏమిచ్చారు, ఏమడిగారు. జవాబు ఇంగ్లీషులోనే రాయండి. ఆలోచన సొంత భాషలో తెగినప్పుడు జవాబు ఏ భాషలోనైనా నిలబడుతుంది. ఆ అలవాటు కుదిరాక తెలుగు వాక్యాల అవసరం దానంతటదే తగ్గిపోతుంది.

రెండవ అడుగు: డబ్బుకు కాలం ఉందని చేత్తో లెక్కవేసి చూడడం

మన ఊళ్లలో అప్పు గురించి మాట్లాడేవాళ్లు శాతం అనరు, రెండు రూపాయల వడ్డీ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలు అని దాని అర్థం. ఏడాదికి అది 24 శాతం. ఆ వడ్డీని ప్రతి నెలా అసలులో కలుపుతూ పోతే లక్ష రూపాయలు పన్నెండు నెలలకు సుమారు 1,26,824 రూపాయలవుతాయి, అంటే వడ్డీ 24 కాదు, 26.82 శాతం. ఇదే లెక్కను వెనక్కి తిప్పండి. ఏడాదికి 24 శాతం వడ్డీ నడిచే చోట, వచ్చే ఏడాది చేతికందే లక్ష రూపాయల నేటి విలువ దాదాపు 80,645 మాత్రమే. చిట్టీ వేసేవాళ్లలో తొలి నెలల్లోనే పాడుకునే మనిషి అంత సొమ్ము ఎందుకు వదులుకుంటాడో, చివరిదాకా ఆగే మనిషి ఎందుకు ఆగుతాడో ఆలోచిస్తే, నేటి విలువ అన్న భావన మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదేనని తెలుస్తుంది. పుస్తకం దానికి సూత్రం తొడిగింది, అంతే.

పరీక్షకు సైంటిఫిక్ కాలిక్యులేటర్ అనుమతించరు. పన్నెండు అంకెల మామూలు కాలిక్యులేటర్‌తోనే పని జరగాలి. అందుకని మొదటి వారంలోనే దాని మీద చేయి కుదుర్చుకోవాలి. 12 శాతం దగ్గర డిస్కౌంట్ ఫ్యాక్టర్లు, అంటే ఒకటి, రెండు, మూడేళ్లకు వచ్చే రూపాయి నేటి విలువలు కావాలంటే 1 ని 1.12 తో భాగించి సమానం గుర్తును మళ్లీ మళ్లీ నొక్కుతూ పోతే 0.893, 0.797, 0.712, 0.636, 0.567 వరుసగా వస్తాయి. కొన్ని మోడళ్లలో ముందు 1.12 కొట్టి, భాగహారం మీటను రెండుసార్లు నొక్కి, ఆ తరువాత 1 కొట్టాలి. జీటీ (గ్రాండ్ టోటల్) మీట ఉన్న కాలిక్యులేటర్‌లో ఆ అయిదింటి మొత్తం, అంటే యాన్యుటీ ఫ్యాక్టర్ 3.605, ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది. పరీక్ష గదిలోకి తీసుకువెళ్లే కాలిక్యులేటర్‌తోనే మొదటి రోజు నుంచీ సాధన చేయాలి.

మూడవ అడుగు: అధ్యాయాల వరుసను మార్చుకోవడం

మెటీరియల్‌లో రేషియోలు (ఖాతాల్లోని అంకెల మధ్య నిష్పత్తులు) ముందు వస్తాయి, క్యాపిటల్ స్ట్రక్చర్ (అప్పు, సొంత మూలధనాల పాళ్లు) తరువాత లెవరేజ్ (స్థిర వ్యయం, వడ్డీ వల్ల లాభం ఊగే తీరు) వస్తుంది. నేను చెప్పేటప్పుడు ఆ వరుసను మారుస్తాను. ముందు నిధుల మూలాలు, దాని వెంటనే మూలధన వ్యయం, ఆ తరువాత లెవరేజ్, దాని మీద క్యాపిటల్ స్ట్రక్చర్, పిమ్మట పెట్టుబడి నిర్ణయాలు, డివిడెండ్, వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడకకు కావలసిన డబ్బు), చివరికి రేషియోలు. అప్పు వల్ల షేరు ఆదాయం ఎలా ఊగుతుందో లెవరేజ్‌లో చూడనివాడికి, అప్పు ఎంత ఉండాలన్న క్యాపిటల్ స్ట్రక్చర్ చర్చ గాలిలో మాటలా ఉంటుంది. రేషియోలను చివర ఉంచడానికి కారణం, అప్పటికి వాటిలోని ప్రతి అంశం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉంటుంది.

నాలుగవ అడుగు: నిధుల మూలాలను వార్తలతో కలిపి చదవడం

ఈక్విటీ, ప్రిఫరెన్స్ షేర్లు (స్థిరమైన డివిడెండ్ ముందుగా దక్కేవి), డిబెంచర్లు (కంపెనీ అప్పు పత్రాలు), టర్మ్ లోన్లు, లీజింగ్, వెంచర్ క్యాపిటల్, కమర్షియల్ పేపర్, ఫ్యాక్టరింగ్, డిపాజిటరీ రసీదులు, మసాలా బాండ్లు అంటూ ఈ అధ్యాయం పొడవైన జాబితాలా కనిపిస్తుంది. అలాగే చదివితే వారానికే మరిచిపోతారు. ప్రతి మూలానికీ నాలుగు ప్రశ్నలు వేసి ఒక్క వరుసలో జవాబు రాసుకోవాలి: డబ్బు ఇచ్చేది ఎవరు, ఎంత కాలానికి, ప్రతిఫలం తప్పనిసరా, కంపెనీ మూతపడితే ఎవరికి ముందు దక్కుతుంది. ప్రిఫరెన్స్ షేర్లను 2013 కంపెనీల చట్టం ప్రకారం మామూలుగా 20 ఏళ్లలోపు తిరిగి చెల్లించాలి. కమర్షియల్ పేపర్ కాలపరిమితి కనీసం ఏడు రోజులు, గరిష్ఠం ఒక సంవత్సరం, కనీస మొత్తం అయిదు లక్షలు. ఇలాంటి అంకెలు ఆబ్జెక్టివ్ ప్రశ్నలలో నేరుగా పనికివస్తాయి.

మిగతాది నిజమైన సంఘటనలతో ముడివేసుకుంటే మరపు రాదు. అమెరికన్ డిపాజిటరీ రసీదు అన్న మాట వచ్చినప్పుడు, 2001లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఇక్కడి కంపెనీ షేర్లు ఒక డిపాజిటరీ బ్యాంకు చేతిలో ఉంటాయి, వాటికి బదులుగా అక్కడి మదుపరికి డాలర్లలో కొనదగిన రసీదు దక్కుతుంది. బాండ్ల దగ్గర మనకు ఇంకా దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ 8.90 శాతం వడ్డీ మీద 200 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అమరావతి బాండ్ల ద్వారా 2,000 కోట్లు సేకరించింది, వడ్డీ 10.32 శాతం. ఇవి కంపెనీల బాండ్లు కాకపోయినా, అప్పు వ్యయం గురించి పుస్తకం చెప్పేదంతా ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉంది. అప్పు తీసుకునే సంస్థకు సొంత ఆదాయం ఎంత స్థిరంగా ఉంది, ఎంత మొత్తం అడుగుతోంది, మార్కెట్‌లో వడ్డీ రేట్లు ఆ నెలలో ఎటు నడుస్తున్నాయి అన్నవాటిని బట్టి మదుపరి తన ధర చెబుతాడు. ఎక్కువ ప్రమాదం కనబడితే ఎక్కువ వడ్డీ అడుగుతాడు. ఈ ఒక్క వాక్యాన్ని మనసులో పెట్టుకునే తరువాతి అధ్యాయంలోకి వెళ్లాలి.

అయిదవ అడుగు: మూలధన వ్యయాన్ని ఒకే కంపెనీ మీద పూర్తిగా చేసి చూడడం

మొత్తం చదువులో ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇదే. కనీసం పది రోజులు ఇవ్వండి. ఇక్కడ ఒక కంపెనీని తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం.

ఒక కంపెనీకి పది రూపాయల ముఖవిలువ గల ఈక్విటీ షేర్లు నాలుగు లక్షలు ఉన్నాయి, అంటే 40 లక్షల మూలధనం. రిజర్వులు 20 లక్షలు, 12 శాతం ప్రిఫరెన్స్ షేర్లు 20 లక్షలు, 10 శాతం డిబెంచర్లు 40 లక్షలు. ఈక్విటీ షేరు మార్కెట్ ధర 25 రూపాయలు. వచ్చే ఏడాది షేరుకు రెండు రూపాయల డివిడెండ్ వస్తుందని, అది ఏటా 7 శాతం చొప్పున పెరుగుతుందని అంచనా. పన్ను రేటు 25 శాతం. ప్రిఫరెన్స్ షేర్లు, డిబెంచర్లు ముఖవిలువ దగ్గరే నడుస్తున్నాయి, వాటికి తిరిగి చెల్లింపు గడువు లేదనుకుందాం.

ముందు ఒక్కొక్క మూలం వ్యయం. ఈక్విటీకి, రెండు రూపాయల డివిడెండ్‌ను 25తో భాగిస్తే 8 శాతం, దానికి పెరుగుదల 7 కలిపితే 15 శాతం. ప్రిఫరెన్స్‌కు 12 శాతం. డిబెంచర్లకు వడ్డీ 10 శాతమే అయినా, దాన్ని ఖర్చుగా చూపడం వల్ల ఆ వడ్డీలో పావు వంతు మేర పన్ను మిగులుతుంది కనుక 7.5 శాతం. ప్రిఫరెన్స్ డివిడెండ్‌కు ఆ పన్ను ఆదా లేదు, ఎందుకంటే అది లాభంలోంచి చేసే పంపకం, ఖర్చు కాదు. ఈ తేడాను బట్టీ పట్టకుండా ఆదాయ వివరణ పట్టికలో వడ్డీ ఎక్కడ కూర్చుంటుందో, డివిడెండ్ ఎక్కడ కూర్చుంటుందో చూసి అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు సగటు. పుస్తక విలువల ప్రకారం ఈక్విటీ, రిజర్వులు కలిపి 60 లక్షలు, వాటి మీద 15 శాతం అంటే 9 లక్షలు. ప్రిఫరెన్స్ మీద 2.40 లక్షలు, డిబెంచర్ల మీద 3 లక్షలు. మొత్తం 14.40 లక్షలను 120 లక్షలతో భాగిస్తే సరిగ్గా 12 శాతం.

మార్కెట్ విలువల ప్రకారం చేసేటప్పుడు నాలుగు లక్షల షేర్లను 25తో గుణిస్తే ఈక్విటీ కోటి రూపాయలవుతుంది. నేను దిద్దిన కాగితాలలో మళ్లీ మళ్లీ కనబడే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కోటి రూపాయలకు రిజర్వులు 20 లక్షలను మళ్లీ కలుపుతారు. షేరుకు 25 రూపాయలు ఇచ్చే మదుపరి కంపెనీ కూడబెట్టిన రిజర్వులను కూడా చూసుకునే ఆ ధర ఇస్తున్నాడు కనుక, రిజర్వులు ఆ ధరలోనే ఇమిడి ఉన్నాయి. ప్రశ్నలో రిజర్వులకు విడిగా వ్యయం అడిగితే కోటి రూపాయలనే 40కి 20 నిష్పత్తిలో విడగొట్టాలి. ఈ లెక్కలో 15 లక్షలు, 2.40 లక్షలు, 3 లక్షలు కలిపి 20.40 లక్షలు, దాన్ని 160 లక్షలతో భాగిస్తే 12.75 శాతం.

12 శాతానికి, 12.75 శాతానికి తేడా ముప్పావు శాతమే కదా అనిపించవచ్చు. అదే కంపెనీ ఒక యంత్రం మీద ఇప్పుడు 36 లక్షలు పెడితే, పన్ను పోగా ఏటా 10 లక్షల నగదు అయిదేళ్లు వస్తుందనుకోండి. 12 శాతం దగ్గర ఆ రాబడి నేటి విలువ 36.05 లక్షలు, అంటే నికర నేటి విలువ సుమారు 5,000 రూపాయల మిగులు, ప్రాజెక్టు చేపట్టవచ్చు. 12.75 శాతం దగ్గర యాన్యుటీ ఫ్యాక్టర్ 3.539, నేటి విలువ 35.39 లక్షలు, అంటే 61 వేల లోటు, ప్రాజెక్టు వదులుకోవాలి. యంత్రం మారలేదు, రాబడి మారలేదు. మదుపరులు నేడు ఏ ధర దగ్గర ఉన్నారో చూసిన లెక్క ఒక నిర్ణయం చెప్పింది, ఎప్పుడో పుస్తకంలో రాసిన ధర చూసిన లెక్క ఇంకొక నిర్ణయం చెప్పింది. మార్కెట్ విలువలే ఎందుకు మేలని సిద్ధాంత ప్రశ్న వస్తే మీకు ఈ యంత్రం గుర్తు రావాలి. ఈ లెక్కను పుస్తకం మూసి మీ చేత్తో ఒకసారి చేసి, జవాబు కలిశాకే ముందుకు కదలండి.

గడువు గల డిబెంచర్ల లెక్కలో తగ్గింపు ధరకు జారీ చేసిన నష్టాన్ని గడువు ఏళ్లకు పంచుతారు. ఆ నష్టం మీద పన్ను ఆదా లెక్కించాలా వద్దా అన్న విషయంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ప్రశ్నలో సూచన లేకపోతే మీరు ఏది తీసుకున్నారో ఒక్క వాక్యంలో జవాబు పక్కన రాయడం తప్పనిసరి.

ఆరవ అడుగు: లెవరేజ్, ఆ మీదట క్యాపిటల్ స్ట్రక్చర్

లెవరేజ్ సులువైన అధ్యాయం, రెండు మూడు రోజులు చాలు. అమ్మకాలు 50 లక్షలు, చర వ్యయం 30 లక్షలు, స్థిర వ్యయం 10 లక్షలు, వడ్డీ 5 లక్షలు అనుకుంటే కంట్రిబ్యూషన్ (అమ్మకాల్లో చర వ్యయం పోగా మిగిలేది) 20, ఈబీఐటీ (వడ్డీకి, పన్నుకు ముందు లాభం) 10, పన్నుకు ముందు లాభం 5 లక్షలు. కంట్రిబ్యూషన్‌ను ఈబీఐటీతో భాగిస్తే ఆపరేటింగ్ లెవరేజ్ 2, ఈబీఐటీని పన్నుకు ముందు లాభంతో భాగిస్తే ఫైనాన్షియల్ లెవరేజ్ 2, రెండూ గుణిస్తే 4. అమ్మకాలు 10 శాతం పెరిగితే షేరు ఆదాయం 40 శాతం పెరుగుతుంది, అమ్మకాలు 10 శాతం తగ్గితే అదే 40 శాతం పడిపోతుంది. రెండవ సగాన్ని చాలామంది రాయరు. రాయండి, ఎందుకంటే అప్పులోని ప్రమాదం మొత్తం అందులోనే ఉంది.

ఇప్పుడు మన కంపెనీకి ఇంకో 25 లక్షలు కావాలి. లక్ష షేర్లను 25 రూపాయలకు జారీ చేయవచ్చు, లేదా 10 శాతం డిబెంచర్లు ఇవ్వవచ్చు. ఏ ఈబీఐటీ దగ్గర రెండు దారులలోనూ షేరు ఆదాయం సమానమవుతుందన్నది ప్రశ్న. మొదటి దారిలో వడ్డీ 4 లక్షలు, షేర్లు అయిదు లక్షలు. రెండవ దారిలో వడ్డీ 6.50 లక్షలు, షేర్లు నాలుగు లక్షలు. ఈబీఐటీ 19.70 లక్షల దగ్గర రెండింటిలోనూ షేరుకు 1.875 రూపాయలు వస్తుంది. ఇందులో 2.40 లక్షల ప్రిఫరెన్స్ డివిడెండ్‌ను పన్ను తీసేశాకే తగ్గించాలి. దాన్ని వడ్డీ పక్కన పెట్టి పన్నుకు ముందే తీసేస్తే మొత్తం లెక్క పక్కదారి పడుతుంది. కంపెనీ 30 లక్షల ఈబీఐటీ ఆశిస్తే మొదటి దారిలో 3.42, రెండవ దారిలో 3.81 రూపాయలు వస్తాయి కనుక అప్పు లాభం. అయితే ఆ 30 లక్షలు ఎంత నమ్మకంగా వస్తాయన్నది కూడా జవాబులో ఒక వాక్యంగా ఉండాలి.

సిద్ధాంతాల దగ్గర పేర్ల వరుస చూసి బెదరనక్కరలేదు. నెట్ ఇన్‌కమ్ పద్ధతి అప్పు పెరిగితే కంపెనీ విలువ పెరుగుతుందంటుంది, నెట్ ఆపరేటింగ్ ఇన్‌కమ్ పద్ధతి పెరగదంటుంది, సంప్రదాయ పద్ధతి ఒక హద్దు వరకు పెరుగుతుందంటుంది. 1958లో ఫ్రాంకో మొదిగ్లియాని, మెర్టన్ మిల్లర్ పన్నులు లేని, ఆటంకాలు లేని మార్కెట్‌లో అప్పు వాటా కంపెనీ విలువను మార్చదని ఆర్బిట్రేజ్ (ధరల తేడాను లాభంగా మలచుకునే కొనుగోలు, అమ్మకం) ద్వారా నిరూపించారు. 1963లో పన్నును లెక్కలోకి తెచ్చి, అప్పు మొత్తాన్ని పన్ను రేటుతో గుణించినంత మేర విలువ పెరుగుతుందని సవరించారు. మన కంపెనీకి 40 లక్షల అప్పు, 25 శాతం పన్ను అంటే ఆ పెరుగుదల 10 లక్షలు. ఆర్బిట్రేజ్ లెక్కను మాత్రం ఓపికగా మూడు నాలుగు సార్లు చేయాలి. మదుపరి అప్పు ఉన్న కంపెనీలోని తన షేర్లు అమ్మి, ఆ కంపెనీ చేసిన అప్పును తానే సొంతంగా చేసి, అప్పు లేని రెండవ కంపెనీలో కొంటే ఎంత మిగులుతుందన్నదే అందులోని సారం.

ఏడవ అడుగు: పెట్టుబడి నిర్ణయాలలో లాభాన్ని నగదుగా మార్చడం

సూత్రం ఎవరికైనా వస్తుంది. మార్కులు పోయేది నగదు ప్రవాహాల పట్టికలో. తరుగుదల నగదు ఖర్చు కాదు, కానీ దానివల్ల పన్ను తగ్గుతుంది కనుక ముందు తీసివేసి, పన్ను లెక్కించాక తిరిగి కలపాలి. వడ్డీని ఇక్కడ తీసివేయకూడదు, ఎందుకంటే దాని భారం ఇప్పటికే మూలధన వ్యయంలో ఉంది, మళ్లీ తీసివేస్తే రెండుసార్లు లెక్కించినట్టే. మార్కెట్ సర్వేకు ఇదివరకే పెట్టిన డబ్బు నిర్ణయం ఏదైనా తిరిగిరాదు కనుక వదిలేయాలి. సొంత గోడౌను వాడుకుంటే పోయే అద్దెను మాత్రం లెక్కలోకి తేవాలి. మొదట్లో పెట్టిన వర్కింగ్ క్యాపిటల్ ఆఖరి ఏడు తిరిగి వస్తుందన్న విషయాన్ని మరిచిపోయే విద్యార్థులు చాలామంది. అందుకే ప్రతి లెక్కలో ఆఖరి ఏడు గడి కింద స్క్రాప్ విలువ, వర్కింగ్ క్యాపిటల్ అని ముందే రెండు వరుసలు గీసుకోమని చెబుతాను.

ఐఆర్‌ఆర్, అంటే నికర నేటి విలువ సున్నా అయ్యే రేటు కోసం పెట్టుబడిని ఏటి నగదుతో భాగించి, ఆ ఫ్యాక్టర్‌కు దగ్గరగా ఉన్న రెండు రేట్లు ఎంచుకుని మధ్యలో పంచాలి. మన యంత్రానికి 3.6 ఫ్యాక్టర్ వస్తుంది, 12 శాతం దగ్గర 3.605 కనుక ఐఆర్‌ఆర్ 12 శాతానికి కొంచెం పైన. ఎన్‌పీవీ (నికర నేటి విలువ), ఐఆర్‌ఆర్ రెండు ప్రాజెక్టులను వేర్వేరు వరుసల్లో పెడితే ఎన్‌పీవీ మాటే నెగ్గాలి. అది రూపాయల్లో వాటాదారుల సంపద ఎంత పెరిగిందో చెబుతుంది.

ఎనిమిదవ అడుగు: డివిడెండ్, రేషియోలు

లాభంలో ఎంత పంచాలో చెప్పే వాల్టర్, గోర్డన్ నమూనాలలో సారం ఒకటే. కంపెనీ సంపాదించే రేటు ఈక్విటీ వ్యయం కంటే ఎక్కువైతే లాభాన్ని లోపలే ఉంచుకోవడం మేలు, తక్కువైతే పంచేయడం మేలు, సమానమైతే ఎలా చేసినా ఒకటే. ఇక్కడ కూడా పోలిక మూలధన వ్యయంతోనే జరుగుతోందని గమనించండి. రేషియోలను వర్కింగ్ క్యాపిటల్ తరువాతే చదవాలి, వాటికి వారం చాలు. ఇచ్చిన రేషియోల నుంచి బ్యాలెన్స్ షీట్ తిరిగి కట్టే లెక్కలు రోజుకొకటి చేస్తే సరిపోతుంది.

తొమ్మిదవ అడుగు: వర్కింగ్ క్యాపిటల్‌ను ఒక రైస్ మిల్లులో చూడడం

మీ ఊరి పక్కన రైస్ మిల్లు ఉంటే ఈ అధ్యాయం సగం అర్థమైనట్టే. కోతల కాలంలో ధాన్యం కొని నిల్వ చేస్తారు, ఆడిస్తారు, బియ్యం బస్తాలు గోడౌనులో ఉంటాయి, అరువు మీద అమ్ముతారు, ఆ తరువాత డబ్బు వస్తుంది. ధాన్యం నిల్వ సగటున 60 రోజులు, ఆడించడానికి 2 రోజులు, బియ్యం నిల్వ 20 రోజులు, కొన్నవారు డబ్బిచ్చేసరికి 30 రోజులు, ధాన్యం అమ్మినవారు మనకిచ్చే గడువు 12 రోజులు అనుకుంటే, మొదటి నాలుగు కలిపి అయిదవది తీసివేస్తే ఆపరేటింగ్ సైకిల్ 100 రోజులు. ఏడాదికి నగదు ఖర్చు 7.30 కోట్లయితే రోజుకు రెండు లక్షలు, కనుక మిల్లు ఎప్పుడూ రెండు కోట్ల రూపాయలను ఈ చక్రంలో తిప్పుతూ ఉండాలి. మిల్లు యజమాని బ్యాంకు దగ్గర క్యాష్ క్రెడిట్ (అవసరాన్ని బట్టి తీసుకుంటూ, కడుతూ పోయే అప్పు) ఎందుకు తీసుకుంటాడో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

పరీక్షలో వచ్చే అంచనా లెక్కకు ఒక్కటే హెచ్చరిక. నగదు వ్యయం ప్రాతిపదికగా అడిగితే తరుగుదలను తీసేయాలి, బాకీదారులను అమ్మకం ధర మీద కాకుండా ఖర్చు మీద విలువకట్టాలి. ఏ ప్రాతిపదిక తీసుకున్నారో పట్టిక పైనే రాయాలి.

పదవ అడుగు: తప్పుల పుస్తకం, ఆఖరి నెల, పరీక్ష గది

మొదటి రోజు నుంచీ ఒక పల్చటి నోటుపుస్తకం విడిగా ఉంచండి. అందులో సూత్రాలు రాయకండి. మీరు చేసిన ప్రతి తప్పునూ తేదీ వేసి ఒక్క వాక్యంలో రాయండి: రిజర్వులు రెండోసారి కలిపాను, ప్రిఫరెన్స్ డివిడెండ్‌ను పన్నుకు ముందు తీసేశాను, అని. నెల తిరిగేసరికి అదే తప్పు ఎన్నిసార్లు వచ్చిందో కనబడుతుంది. ఆఖరి వారంలో చదవవలసిన పుస్తకం అదే, ఎందుకంటే అది మీ ఒక్కరి కోసం రాసినది. పరిష్కారం పక్కన పెట్టుకుని చూసి అర్థం చేసుకున్న లెక్కను చేసిన లెక్కగా లెక్కించవద్దు. పది లెక్కలు చూడడం కంటే నాలుగు లెక్కలు పూర్తిగా రాయడం ఎక్కువ ఉపయోగం.

ఆఖరి నెలలో కనీసం నాలుగు పూర్తి పేపర్లు మూడు గంటల గడియారం పెట్టి రాయండి. ఈ భాగానికి 90 నిమిషాలు అనుకుంటే మార్కుకు సుమారు 1.8 నిమిషాలు, అయిదు మార్కుల లెక్కకు తొమ్మిది నిమిషాలు. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నపత్రం చదవడానికి ఇచ్చే 15 నిమిషాలలో లెక్కలు మనసులో చేయడానికి ప్రయత్నించకండి. ఏ ప్రశ్న ఏ క్రమంలో రాయాలో, ఎంపిక ఉన్నచోట ఏది వదలాలో తేల్చుకోండి. జవాబు కాగితంలో వర్కింగ్ నోట్లకు అంకెలు వేసి, పట్టికలో ఆ అంకెను చూపించండి. ఆఖరి జవాబు తప్పినా మూల్యాంకనం చేసేవారికి మీరు నడిచిన దారి కనబడితే ఆ మేరకు మార్కులు దక్కుతాయి. పేజీ మధ్యలో లెక్క కలవలేదని మొత్తం కొట్టేయకండి. ఒక గీత గీసి, ఇంతవరకు వచ్చిన అంకెతోనే నిర్ణయం రాసి, తరువాతి ప్రశ్నకు వెళ్లండి. మొదటి గంటలో ఒకే లెక్క దగ్గర ఇరవై అయిదు నిమిషాలు ఆగిపోయిన విద్యార్థికి, చివర్లో తనకు బాగా తెలిసిన అయిదు మార్కుల సిద్ధాంత ప్రశ్న రాయడానికి సమయం దొరకదు.